మేడమ్ పోగొట్టుకోని ప్రకంపనలు

మా మేడమ్ ఇక లేరు. పొద్దున్నే వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. “అక్కా, అమ్మ పోయింది. నిద్రలనే పోయింది. ఏం పరేషాన్ కాలే” అంది. ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆటోలో ఏడుస్తూనే వెళ్ళాను. అయినా లోపల ఎక్కడో ఊరటగా ఉంది. అదెందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మేడమ్ భూకంపాలను నమోదు చేసే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. నాకు పని నేర్పింది ఆవిడే. కోస్తా నుంచి వచ్చిన నా ‘అండీ’లు విని మొదట్లో తెగ నవ్వేవారు. “గన్ని అండీలు పెడితే కంప్యూటర్ ఆగమైతది, జర తగ్గించు” అనేవారు. శనివారం కర్మన్‌ఘాట్ గుడికి వెళ్ళొచ్చి అందరికీ ప్రసాదం పంచేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు మాత్రం పెట్టేవారు కాదు. నేను చాలా శనివారాలు పస్తే.

పాత కంప్యూటర్లు ఒక సంఖ్యను దాచేటప్పుడు దాని బైట్లను, అంటే ముక్కలను, ఒక వరసలో పేర్చేవి. ఇప్పటివి అందుకు తలకిందులుగా పేరుస్తాయి. వరస తిప్పకుండా పాత ఫైలు తెరిస్తే చిన్న ప్రకంపన కూడా ప్రపంచం బద్దలైనట్టు కనిపిస్తుంది. ప్రతి ఫైలు మొదట్లో రికార్డు చేసిన సంవత్సరం ఉంటుంది. మేడమ్ మాకు ఒకటే చెప్పేవారు. “ముందుగాల సంవత్సరం చూడు. గది సక్కగుంటే చెయ్యి పెట్టకు.” సంవత్సరం సరిగ్గా ఉంటే ఆ ఫైలును అప్పటికే తిప్పేశారని అర్థం.

అంత జాగ్రత్త మనిషికీ ఒక బెంగ పట్టుకుంది. వయసులో ఉండగా, పెద్ద భూకంపం వచ్చిన ఊళ్ళో గుడారం వేసుకుని, ఆ తర్వాత వచ్చిన చిన్న ప్రకంపనలన్నీ రికార్డు చేశారు. మళ్ళీ కావాలన్నా దొరకనివి అవి. కొత్త కంప్యూటర్లు చదివేలా వాటి బైట్లు తిప్పింది సరిగ్గా రిటైరయ్యే రోజున. తర్వాత చూస్తే సగం ఫైళ్ళు చెత్త. ఊళ్ళో రికార్డు చేసిన అసలు టేపులు అప్పటికే పారేశారు. టేపుల్లోనే లోపం ఉండి ఉంటుందని ఆఫీసువాళ్ళు వదిలేశారు. మేడమ్ మాత్రం తానే పాడుచేశానని నమ్మారు. గుండె జబ్బుతో మంచం పట్టాక, నేను చూడడానికి వెళ్ళినప్పుడల్లా అదే మాట. “ఆ ఊరోళ్ళు ఇండ్లు కూలినా నాకు బువ్వ పెట్టిన్రు. వాళ్ళ దగ్గర రాసుకున్నదంతా పోగొట్టిన.”

ఒక మధ్యాహ్నం ఆవిడ మనసు మళ్ళిద్దామని, వీడ్కోలు సభ బాగా జరిగిందా అని అడిగాను.

“ఏం సభ. ప్రోగ్రామ్ నడుస్తుండంగనే దండ ఎయ్యాలె రమ్మని గుంజుకపోయిన్రు. ఒచ్చి చూస్తే సగంల ఆగి ఉంది. మళ్ళ సురూ చేసిన.”

“ఆగిన చోటి నుంచా మేడమ్?”

“కాదు, మొదటికెళ్ళి...”

అక్కడే ఆగిపోయి నా వంక చూశారు. నాకూ అప్పుడే వెలిగింది. ఆ హడావుడిలో సంవత్సరం చూడకుండా, ఒకసారి తిప్పిన సగాన్నే ఆవిడ మళ్ళీ తిప్పేశారు. రెండుసార్లు తిప్పితే మొదట ఎలా ఉందో అలాగే ఉంటుంది. పాడవడమనే ప్రశ్నే లేదు, ఇంకొక్కసారి తిప్పితే చాలు.

“అయితే ఏం పోలేదంటవా?”

“రేపు చూసొచ్చి చెప్తానండి” అన్నాను. ఈసారి అండీని వెక్కిరించలేదు.

మర్నాడు ఆఫీసులో నకలు తీసి ఒక ఫైలు తిప్పాను. సంవత్సరం సరిగ్గా వచ్చింది. తర్వాతవీ వచ్చాయి. లాప్‌టాప్ పట్టుకుని నేరుగా మేడమ్ ఇంటికి వెళ్ళాను. తెర మీద గీతలు చూసి ముందు ఏడ్చారు. తర్వాత కూతుర్ని పిలిచి, “ఆకలైతుంది, ఏమన్న పెట్టు” అన్నారు. చాలా రోజులకు ఆవిడ నోరు తెరిచి అడిగింది అదేనట. తింటూనే ఎడమ చేత్తో తెర మీద ఒక గీత మొదలు చూపించారు. అక్కడ వరసగా చిన్న అదురులు ఉన్నాయి.

“గివి భూకంపం కాదు. మిషన్ ఆన్ చేసి గుడారం దిక్కు పోతున్న. నా అడుగులు.”

అంత్యక్రియలయ్యాక ఇంటికొచ్చి ఆ ఫైలు మళ్ళీ తెరిచాను. అడుగులు మిషన్‌కు దూరమవుతున్న కొద్దీ చిన్నవవుతూ వచ్చాయి. తర్వాత కనిపించలేదు. గీత సన్నగా, తిన్నగా సాగిపోయింది.