పెయింటంగడికి నేనిచ్చిన కొసరు

ఆ రోజుల్లో బేరం మొదలుపెడితే నాకు ఆకలి కూడా గుర్తుండేది కాదు. మదనపల్లెలో పాత కంప్యూటర్ కొనేటప్పుడు "ఈ గ్రాఫిక్స్ కార్డు తీసేస్తే ఎంత తగ్గిస్తావప్పా?" అని అడిగి, నాలుగు వేలు తగ్గించుకున్న మొనగాణ్ణి నేనే. అమ్మినాయన నా వంక జాలిగా చూశాడు. ఓడిపోయినవాడి చూపనుకున్నాను. (తెర మీద అక్షరాలు, బొమ్మలు కదిలించే మోషన్ గ్రాఫిక్స్ చేసేవాడు ఆ కార్డు వదిలేయడమంటే ఎద్దులు వద్దని బండి ఒక్కటే కొనుక్కోవడమని తర్వాత తెలిసింది.)

పుంగనూరులో మాది చిల్లర అంగడి. నాన్న షరతు ఒకటే: మొదటి పనిలో ఖర్చులు పోను రూపాయైనా మిగలాలి, లేదా కంప్యూటర్ మూసేసి తక్కెడ పట్టాలి. ఆ మొదటి పని కుప్పంలో దొరికింది. అక్కడ పెయింట్ల అంగడి తెరుస్తున్న పెద్దమనిషిని నేను పెయింటప్ప అనుకునేవాణ్ణి. ప్రారంభం రోజు వాకిట్లో పెట్టే పెద్ద తెర మీద, అంగడి పేరు గోడ మీద స్ప్రే కొట్టినట్టు ఒక్కో అక్షరమే పడాలన్నాడు. ఎనిమిది వేలకు కుదిరింది. అంతటితో లేచి రావచ్చు. కానీ కొసరు వేయకుండా బేరం ముగిస్తే మా వంశంలో అన్నం సయించదు. అచ్చం నిజం పెయింటులా సొగసులన్నీ కొసరుగా వేస్తానని నోరు జారాను.

ఆ సొగసులే నన్ను తిన్నాయి. పద్ధతి వినడానికి సులువే: రంగు చుక్కలు కక్కే బిందువొకదాన్ని అక్షరాల గీత వెంట నడిపించాలి. ఆ చుక్కలే పార్టికల్స్. మొదట వాటి ఆయువు మూడు సెకన్లు పెట్టాను. చివరి అక్షరం పడేసరికి మొదటిది మాయమైంది. ఆయువు పెంచితే చుక్కలు గోడకు అంటకుండా అక్షింతల్లా ఎగిరిపోయాయి. వేగం సున్నా చేస్తే కుదురుగా నిలిచాయి గానీ, అచ్చు గుద్దినట్టు చప్పగా ఉన్నాయి. అంచుల్లో తుంపర చేర్చాను. కొన్ని చుక్కలకు బరువిచ్చి, రంగు చారలుగా కిందికి కారేలా చేశాను. ఒక్కో మార్పు చూపించడానికి కంప్యూటర్ గంట ఆలోచించేది. ఆ గంటా నేను మదనపల్లెలో వదిలొచ్చిన కార్డును తలచుకునేవాణ్ణి. ఇలా పన్నెండు రోజులు. నాన్న తొంగిచూసి, "ఈపాటికి నేనైతే మూట సక్కెరా పొట్లాలు కట్టేసుందును గదరా" అని వెళ్లిపోయేవాడు.

ప్రారంభానికి ముందురోజు కంప్యూటర్ పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని కుప్పం చేరాను. పెయింటప్ప రెండుసార్లు చూశాడు.

"కిందికి దిగేదేందప్పా ఇది?"

"రంగు కారతాండాదన్నా. నిజం మాదిరి ఉండాలని."

"కారే పెయింటు అమ్ముతాండానని నా వాకిట్లో నేనే సూపియ్యల్లా?"

తుంపరనూ వదల్లేదు. సగం రంగు గాలికి పోయే డబ్బా ఎవరు కొంటారన్నాడు. అంచు గరుగ్గా ఉంటే రంగు పట్టలేదంటారన్నాడు. నేనూ అంగట్లో పెరిగినవాణ్ణే. ప్రతి మాటా సరిగ్గా అర్థమైంది, అదే నా బాధ. పురుగు పట్టిన కందిపప్పును మా నాన్న వాకిట్లో ఆరబోస్తాడా? అక్కడే కూర్చుని చారలు, తుంపర, గరుకు, చివరికి చుక్కలు కూడా తీసేశాను. పది నిమిషాలు పట్టింది. ఒకదాని తర్వాత ఒకటి ఎర్రటి అక్షరాలు మాత్రం వచ్చాయి. పెయింటప్ప సంతోషించి, నిదానంగా అడిగాడు: "అన్నీ తీసేస్తివి గదా, ఎంత తగ్గిస్తావప్పా?"

ఆ ప్రశ్న ఎవరిదో నాకు తెలుసు. మూడు వేలు తగ్గించాను. ఐదు వేలిచ్చి, కొసరుగా ఎర్ర స్ప్రే డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు.

ఇక లెక్క. రాబడి ఐదు వేలు. పార్టికల్స్ కోసం కొన్న సాఫ్ట్‌వేర్ ముక్కకు మూడు వేల రెండు వందలు, కరెంటుకు తొమ్మిది వందలు, బస్సులకు ఆరు వందల నలభై. మిగులు రెండు వందల అరవై. నాన్న ముందు గెలిచాను. మరుసటి వారమే మదనపల్లె వెళ్లి, నాలుగు వేలకు వదిలిన కార్డును అదే మనిషి దగ్గర ఆరు వేలకు కొన్నాను. ఆ పద్దు నాన్నకు ఇంతవరకూ చెప్పలేదు. ఆ రెండు వేల తేడా కూడా కలిపి నిజం చెప్పాలంటే పదిహేడు వందల నలభై నష్టం, ఒక డబ్బా లాభం. ఆ డబ్బాతోనే మా అంగడి షట్టరు మీద పేరు కొట్టాను. పన్నెండు రోజులు నేను పడ్డ పాట్లేవీ లేకుండా, రంగు ఎంత చక్కగా కారిందో ఇప్పటికీ చూడవచ్చు.