రూటరు వైరు నేనే మార్చాను

ధర్మవరంలో మా సందులో పట్టుచీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీసేవాళ్లం ఇద్దరమే: నేను, ఎదురింటాయన. ఆయన నాకంటే పదేళ్లు చిన్న. అయినా చీరలు నేయించే షావుకార్లు ముందు ఆయన గడపే ఎక్కేవారు. వాళ్లు వాకిట్లో విడిచిన చెప్పుల జతలు లెక్కపెట్టడమే పొద్దున్నే నా పని. కడుపుమంట అంటారే, అది నాకు అన్నం కంటే ముందే తయారుగా ఉండేది.

బ్రాడ్‌బ్యాండ్ కూడా ముందు ఆయన ఇంటికే వచ్చింది. అక్కడినుంచి వైరు లాగి సందులో నాలుగిళ్లవాళ్లం పంచుకున్నాం. దాంతో ఆయన కంప్యూటర్ నా తెరమీద కనపడేది. ఫోల్డర్ల పేర్లు చూసి, ఆయనకు ఎన్ని ఆర్డర్లు వచ్చాయో తెలుసుకుని కుళ్లుకునేవాణ్ని.

ఎన్నో ఏళ్లకు ఒక పెద్ద షావుకారు నన్ను నమ్మి కొత్త అంచు గీయమన్నాడు. మా వృత్తిలో మొదటి చీర మగ్గం దిగేదాకా కొత్త అంచు మూడో కంట పడకూడదు. “ఇది బయటపడిందా, ఇంక నీ గడప తొక్కనప్పా” అని ముందే చెప్పాడు.

నేను గీతలు గీస్తే, నా భార్య రెండో కంప్యూటర్లో రంగులు నింపేది. రెండింటినీ కలపడానికి రూటరు కొన్నాను. బిగించడం చేతకాక ఎదురింటాయన్నే పిలవాల్సి వచ్చింది. అదొక అవమానం.

ఆయన సందులోంచి వచ్చే వైరును రూటరు వెనక విడిగా ఉన్న నీలం రంధ్రంలో పెట్టాడు. మా రెండు కంప్యూటర్ల వైర్లూ పక్కనున్న నాలుగు రంధ్రాల్లో రెండింట్లో. పాస్‌వర్డ్ నన్నే కొట్టమని తను గోడవైపు తిరిగాడు.

“మీ ఇంట్లోది ఇంక బయటోళ్లకు కనపడదన్నా. ఇంట్లో ఫోల్డరు తెరిసి పెట్టుకున్నా భయం లేదు. సందు వైరు మాత్రం ఈ నీలందాంట్లోనే ఉండల్ల” అన్నాడు.

ఆ ధైర్యంతో అంచు ఫోల్డరు మా రెండు కంప్యూటర్లకూ తెరిచి పెట్టాను. మర్నాడు చూస్తే నా తెరమీద ఆయన కంప్యూటర్ మాయం. ఓహో, నన్ను బయట నిలబెట్టి తను లోపల ఆర్డర్లు మూటగట్టుకుంటున్నాడన్నమాట! నీలం రంధ్రంలోంచి వైరు పీకి పక్కదాంట్లో గుచ్చాను. ఆయన కంప్యూటర్ మళ్లీ కనపడింది. ప్రాణం లేచివచ్చింది.

సాయంత్రానికి సందంతా నెట్ తెగుతూ వస్తూ ఉంది. ఆయన వచ్చి, “అన్నా, వైరేమన్నా కదిలించినావా?” అని అడిగాడు.

“నేనెందుకు ముట్టుకుంటానప్పా” అన్నాను.

నెల తిరక్కుండానే షావుకారు ఒక చీర తెచ్చి నా ముందు పరిచాడు. అంచు నాదే, మగ్గం ఇంకెవరిదో. మా చీర ఇంకా మగ్గం మీదే ఉంది.

“ఎదురింటోడే తీసుకోని ఉంటాడు” అన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

షావుకారు ఆయన్ని పిలిపించాడు. ఆయన వచ్చి రూటరును వెనక్కి తిప్పి చూశాడు. నీలం రంధ్రం ఖాళీగా ఉంది.

“నాక్కూడా కనపడకుండా మూసేసి పోయినా కదన్నా. వైరు పక్కదాంట్లో పెట్టి సందుకంతా తెరిసింది నువ్వే” అన్నాడు.

నాలుగిళ్లలో ఆ అంచు ఎవరు తీసుకున్నారో ఇప్పటికీ తెలియదు. షావుకారు చీర మడిచి చంకలో పెట్టుకుని లేచాడు. నాకు తల కొట్టేసినట్టయింది, నిజమే. కానీ షావుకారు నేరుగా సందు దాటి ఎదురింటి వాకిట్లో చెప్పులు విడుస్తుంటే, ఈ పూటకు ఇది నాలుగో జత అనుకున్నాను.