అమ్మను అడిగిన ప్రశ్న

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. నేను డిగ్రీ చదువుతున్నాను. ఆ రోజు బంద్ కావడంతో సిరిసిల్లలో మా ఇంటి మరమగ్గాలు ఆగిపోయాయి. అందరం ఇంట్లోనే ఉన్నాం.

మనుషులు జీవితంలో మతం మారడం గురించి సర్వే చేస్తున్నామంటూ ఒకాయన వచ్చారు. నానమ్మ, నాన్న, నేను పుట్టుకతోనే హిందువులమని చెప్పాం. తర్వాత అమ్మను అడిగారు.

"పుట్టినప్పుడు మీది ఏ మతం అమ్మా?"

అమ్మ బియ్యం ఏరుతూనే "ముస్లిం" అంది.

తమాషాకు అందనుకుని నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. నాన్న తల దించుకుని, "రాసుకో సారూ, నిజమే. పెండ్లప్పుడు మారింది" అన్నాడు. నానమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

అమ్మకు తల్లిదండ్రులు లేరనే చిన్నప్పటి నుంచీ విన్నాను. సర్వే ఆయన వెళ్లాక అమ్మను అడిగాను.

"అమ్మమ్మ నిజంగనే లేదా?"

"కోరుట్లల ఉన్నది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎవ్వలడిగిండ్రు బిడ్డా? ఇన్నేండ్లల్ల గా సారే అడిగిండు."

నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. రాత్రి ఎప్పటిలాగే అన్నం తిన్నాను. ఏం కూరో గుర్తులేదు.

బస్సులు తిరగడం మొదలయ్యాక అమ్మను తీసుకుని కోరుట్ల వెళ్లాను. తలుపు తీసిన ముసలామె చాలాసేపు చూసి, "షాహీన్, ఇప్పుడచ్చినవా బేటీ?" అంది. అమ్మ "ఆ" అని పలికింది.

మా ఇంట్లో అందరికీ అమ్మ పేరు లక్ష్మి. ఇప్పటికీ ఎవరైనా మీ అమ్మ పేరేంటని అడిగితే, జవాబు చెప్పేముందు రెండు పేర్లూ గుర్తొస్తాయి.

— ఒక పాఠకురాలు, సిరిసిల్ల