ముడతలు పడ్డ సీసం గుండ్లు

ఏడో తరగతిలో లెక్కల సారుకూ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. ఆయన నన్ను ప్రశ్నలడగడు, నేను బడికి పోను. ఇద్దరం మాట మీద నిలబడ్డాం. మిగతా చదువంతా దుబాయ్‌లో షట్టరింగ్ దగ్గర సాగింది, పదకొండేళ్లు. కాంక్రీటు పోసే ముందు పలకలకు నూనె పుయ్యాలి, లేకపోతే కాంక్రీటు పలకను పట్టుకొని వదలదు. నూనె తక్కువైతే ఫోర్‌మన్ తిడతాడు. ఎక్కువైతే ఎవరూ ఏమీ అనరు. నాకు తెలిసిన శాస్త్రం అంతే.

కరోనాకు సైటు మూతపడింది. తెలిసినవాళ్లు చెబితే అల్ ఖూజ్‌లో ఒక వర్క్‌షాపులో చేరాను. చేపలు పట్టేవాళ్లు గాలానికి కట్టే గుండ్లు అక్కడ సీసంతో పోస్తారు. ముదీర్, అంటే అక్కడి మేనేజరు, మొదటి రోజే తేల్చేశాడు. మూడు నెలలు చూస్తాడట. పని పట్టుబడితే వీసా తన దగ్గరికి మార్పిస్తాడు, లేకపోతే ఇంటికి టికెట్టు. ఊళ్లో నా భార్య బీడీలు చుడుతుంది. నేను పోతే ఆ ఇంట్లో నాకు మిగిలే పని వాటిని తాగడమే.

పని నేర్పింది చాచా. కడప వైపు మనిషి, ముప్పై ఏళ్లుగా ఆ అచ్చు ముందే కూర్చున్నాడు. అచ్చంటే రెండు ఇనుప దిమ్మెలు, పుస్తకంలా మూసుకుంటాయి. పైన బోల్టు మీద తిరిగే ఒక పలక, దానికి రంధ్రాలు. ఆ రంధ్రాల్లోంచి, పొయ్యి మీది కుండలో కరిగిన సీసం పోసి, గట్టిపడ్డాక చెక్క సుత్తితో పలకను తడితే, అది పక్కకు తిరిగి పైన మిగిలిన సీసాన్ని కోసేస్తుంది. చెమట చుక్క పడితే అచ్చు మీద ఎగిరి ఆవిరైపోతుంది, అంత వేడి. ఆ వేడికి పలక పట్టేస్తుంది. అందుకే చాచా గంటకోసారి చెవిలో తిప్పుకునే దూది పుల్లను నూనెలో ముంచి, బోల్టుకు తాకించీ తాకించనట్టు తాకించి, పలక అడుగును గుడ్డతో తుడిచేసేవాడు.

"లోపలికి మాత్రం నూనె పోనియ్యాకు రా" అనేవాడు.

ఇంత పిసినారి మనిషిని నేను చూళ్లేదనుకున్నాను.

మూడో నెలలో చాచాకు పాజిటివ్ వచ్చింది, మేముండే లేబర్ క్యాంపులో ఒక గదిలో పెట్టి తలుపేశారు. ఆ వారం అజ్మాన్ దుకాణానికి ఒక డబ్బా గుండ్లు పోవాలి. పొద్దున్నే పలక బిగుసుకుంది. నాకు తెలిసిన వైద్యం చేశాను. గుడ్డను నూనెలో ముంచి బోల్టుకు, పలకకు, అచ్చు లోపలికి, ఎక్కడా సందు వదలకుండా పూశాను. గుప్పున పొగ లేచింది. సీసం పోస్తే చిటపటమంది. తెరిచి చూస్తే గుండ్లన్నీ ముడతలు, శానిటైజర్ రాసి రాసి మా చేతులు ఎట్లయ్యాయో అట్లా. నూనె చాల్లేదేమో అనుకొని ఇంకో పూత పూశాను. ఇంకా ముడతలొచ్చాయి.

మధ్యాహ్నం ముదీర్ వచ్చి ఒకటి పట్టుకొని, "యే క్యా హై?" అన్నాడు.

"వయసైపోయిన గుండ్లు సార్" అన్నాను హిందీలో.

నవ్వలేదు. "ఐదింటికి వస్తా. ఇట్లాంటివే చూపిస్తే ఈ వారమే టికెట్" అని వెళ్లిపోయాడు.

చాచాకు ఫోన్ చేశాను. వీడియోలో మాస్కు, దాని పైన రెండు కళ్లు.

"లోపల గూడా పూసినావా?"

"పూసిన చాచా."

"యా మాత్రం?"

"షట్టరింగుకు పూసినట్టు."

ఫోన్‌లో దగ్గు మొదలైంది. నవ్వో దగ్గో తెలియలేదు. తేరుకున్నాక, "దోసెలు పోస్తాండాననుకున్నావేం రా? ఆ నూనె పొగై సీసాన్ని అచ్చుకు ఆననియ్యదు" అన్నాడు.

"ఇప్పుడేం జెయ్యాలె?"

"పొడి గుడ్డతో తుడువు. పోస్తానే ఉండు. వచ్చినవి మళ్లీ కుండలోకి వెయ్. నూనె కాలిపోతే అదే నున్నగ వస్తాది. మధ్యలో అచ్చును చల్లారనీకు."

తుడిచాను. పోశాను, తెరిచాను, కుండలో వేశాను. మొదటి నాలుగు వాయిలూ అవే ముడతలు. ఐదోదానికి కాస్త తగ్గాయి. తొమ్మిదో వాయికి గుండు మీద గోరు జారింది. పలకకు చాచా చేసినట్టే దూది పుల్లతో తాకించి తుడిచాను. అప్పటికి మూడున్నర.

ఐదింటికి ముదీర్ వచ్చాడు. డబ్బాలో పైవాటిని ముట్టుకోలేదు, నాలాంటివాళ్లను చాలామందినే చూసి ఉంటాడు. చెయ్యి అడుగుదాకా పెట్టి ఒక గుండు తీసి బొటనగోటితో గీశాడు. ఇంకోటి తీశాడు.

"డబ్బా సగమే ఉంది" అన్నాడు.

"సగమే సార్."

"మిగతాది రేపు నింపు. వచ్చేటప్పుడు పాస్‌పోర్ట్ కాపీ, ఫోటోలు తీసుకురా, వీసాకు ఇవ్వాలి."

బస్సులో కూర్చొని చాచాకు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"మంచిది" అని, "పలక ఎట్ల తిరుగుతాంది?" అని అడిగాడు.

బాగానే తిరుగుతోందని చెప్పాను.