ఉరి రద్దు చేసిన పెద్దమనుషులు

ఇంటర్నేషనల్ సిటీలో నాతో గది పంచుకునే అక్కది కడప. టైలరింగ్ షాపులో పని. ఆమె తమ్ముడికి ఈ అరబ్బు దేశపు కోర్టు మరణశిక్ష వేసింది. ఖోర్ ఫక్కాన్‌లో కూలీల క్యాంపులో జరిగిన కొట్లాటలో, అతని చేతిలో నిజామాబాద్ వైపు మనిషి ఒకడు చనిపోయాడు. ఆ చనిపోయినవాడికి మిగిలింది తల్లి ఒక్కతే. ఇక్కడి చట్టం ప్రకారం, ఆమె క్షమిస్తే తమ్ముడి ప్రాణం దక్కుతుంది. ప్రతి శుక్రవారం అక్క ఆమెకు ఫోన్ చేసేది. ఆమె ఎత్తేది, వినేది, ఒక్క మాటా అనకుండా పెట్టేసేది.

అక్కకు తోడుగా జైలుకు వెళ్లడానికి, జెబెల్ అలీలోని మా ఆఫీసులో సెలవడిగాను. మా ముదీర్, అంటే మేనేజరు, ఇంగ్లండు మనిషి. కారణం విని జాలిగా తలాడించాడు.

"మేం ఉరిని ఎప్పుడో వదిలేశాం. ఇక్కడివాళ్లకు ఇంకా టైం పడుతుంది."

ఆ నెల నేను చదువుతున్నది ఆ ఇంగ్లండువాళ్ల వలస రాజ్యాల్లోని ఉరిశిక్షల గురించే. సొంతగడ్డ మీద హత్యకు ఉరి ఆపేశాక కూడా, తమ ఏలుబడిలోని దూరపు ద్వీపాల్లో ఏళ్ల తరబడి దాన్ని చట్టంలో ఉంచుకున్నారు. అడిగితే, అక్కడి జనమే కోరుతున్నారనేవారు. ఆ జనాన్ని ఏలడం మొదలుపెట్టినప్పుడు మాత్రం వాళ్ల ఇష్టం అడిగిన పాపాన పోలేదు. చివరికి కొన్నిచోట్ల తీసేసింది కూడా లండన్ హుకుంతోనే. ఉరితాడు ఉంచినా పెద్దమనుషులే, తీసినా పెద్దమనుషులే.

ఆఫీసులో గుడ్ మార్నింగ్‌కే గొంతు పెగలని నేను, ఎలాగో అడిగేశాను. "మరి మీ ద్వీపాల్లో, సార్?"

"ఏ ద్వీపాలు?"

నటన కాదు, నిజంగానే తెలియదు. అంత శుభ్రమైన మరుపు మామూలు కుటుంబాలకు అబ్బదు. దానికి ఒక సామ్రాజ్యం కావాలి.

సెలవు మాత్రం ఇచ్చాడు.

సాయంత్రం ఇదంతా చెబితే, అక్క బట్టలు మడతపెడుతూ వింది.

"ఆ దీవుల్లో మాఫీ ఎవరు చేసేది, పాపా?"

"గవర్నర్."

"చచ్చినోడు ఆయప్పకు ఏమైతాడు?"

"ఏమీ కాడు."

"మరి ఆయప్ప ఎవరు, మాఫ్ చేసేదానికి?"

ఆ శుక్రవారం అక్క ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. "అమ్మా, నేను" అంది. అవతల దగ్గు, ఎక్కడో టీవీ చప్పుడు. ఇక పెట్టేస్తుందనుకున్నాం.

"జైల్ల అన్నం వెడ్తున్నరా వానికి?" అంది ఆ తల్లి.

అక్క, ఆమెకు కనబడదన్న సంగతి మరిచి, తల ఊపుతూనే ఉంది.