వీపు మీద నాలుగు సూదులు

1991లో నా ప్రాణం కాపాడిన నర్సు శంకరవ్వ మహా గయ్యాళి. ఈ మాట ఆమె ముందరే అన్నాను కాబట్టి రాయడానికి భయం లేదు. సుల్తానాబాద్‌లో కైకిలి, అంటే కూలిపని, చేసుకునే ఇంట పుట్టి, ఆయాగా చేరి, పట్టుబట్టి చదివి కరీంనగర్ దవఖానలో నర్సు అయింది. ఆమె గొంతు వినబడితే రోగులే కాదు, కొత్త డాక్టర్లు కూడా సర్దుకుని నిలబడేవారు.

నేను సిరిసిల్లలో నూలుకు రంగులద్దేవాణ్ని. నా కిడ్నీలో రాయి పడింది. అది ఎక్స్‌రేలో సరిగ్గా తెలియాలంటే నరంలోకి ఒక మందు ఎక్కించాలి. అంతకు ముందు సంవత్సరం ఇంకోచోట అలా ఎక్కిస్తే గొంతు పూడుకుపోయి, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాను. ఇప్పుడేమో ఆ ఫోటో లేనిదే ఆపరేషన్ చేయనన్నారు జనార్దన్‌రావు డాక్టరు. ఆపరేషన్ లేకపోతే కిడ్నీ దక్కదు. ఈసారి వేరే కంపెనీ మందు ఎక్కిద్దామన్నారు.

శంకరవ్వ అడ్డుపడింది. "అప్పుడు మందు పడుతదా లేదా అని ముందుగాల సూది పొడిచి చూడలేదా, అంబదాస్?" అని నన్నడిగింది.

"చూసిండ్రక్కా. చేతికి పొడిచి, ఎర్రగ కాలే, ఏం కాదన్నరు."

ఆమె నా చేతులు పట్టుకుని చూసింది. మోచేతుల దాకా ఎర్రరంగు, ఎంత కడిగినా పోనిది.

"గీ చేతి మీద ఎరుపు ఎవలకు కనబడుతది? నువ్వన్న చెప్పొద్దా?"

చెప్పాలని నాకేం తెలుసు? మా అద్దకపు పనిలో చేతులు తెల్లగా ఉన్నవాణ్ని పనిదొంగ అంటారు. ఆ చేతులు చూపించడం నాకు గొప్పే.

శంకరవ్వ అంగీ విప్పించి వీపు మీద నాలుగు చోట్ల పొడిచింది. పాత మందు, డాక్టరు అనుకున్న మందు, తాను పోరుపెట్టి హైదరాబాద్ నుంచి తెప్పించిన మూడో మందు, పోల్చి చూడడానికి ఉత్త ఉప్పునీళ్లు. ఇరవై నిమిషాలు నన్ను కదలనివ్వలేదు. పాత మందు దగ్గర దద్దురు లేచింది. డాక్టరు అనుకున్న మందు దగ్గరా లేచింది.

"కంపెనీ మారినా రెండూ ఒక్క తీరే, ఇతనికి పడతలేవు సార్" అంది.

మూడో మందు దగ్గర, ఉప్పునీళ్ల దగ్గరలాగే, ఏమీ లేవలేదు. డాక్టరు చీటీ మార్చి రాశారు.

అయినా పరీక్షను పూర్తిగా నమ్మకూడదని ఆమే చెప్పింది. విరుగుడు సూదులు పక్కన సిద్ధంగా పెట్టుకుని, మందు ఎక్కుతున్నంతసేపూ నా మణికట్టు పట్టుకుంది. "మాట్లాడుతనే ఉండు. గొంతు బిగిస్తే నాకు తెల్వాలె" అంది. ఏం మాట్లాడను? నూలు ఉడకబెట్టడం దగ్గర మొదలుపెట్టి నా పనంతా చెప్పుకుంటూ పోయాను.

"అయిపోయింది. ఫోటో మంచిగొచ్చింది. ఇగ నోరు మూసుకో" అంది కాసేపటికి.

మూసుకోలేకపోయాను. నా గొంతు నాకు వినబడుతోంది, అంతకంటే ఏం కావాలనిపించింది. ఏడుస్తూనే నూలు ఆరేసేదాకా చెప్పాను. బయట ఇంకా పదిమంది రోగులున్నా, శంకరవ్వ కూర్చుని చివరిదాకా విన్నది.