నేను ఓడిపోవాల్సిన ఎన్నిక

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. పరలోక సింహాసనం మీద కూర్చుని, భూమ్మీద మనం వేసుకునే కమిటీలన్నిటినీ ఓపికగా చూస్తున్న ప్రభువుకే మహిమ కలుగును గాక. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో తెలివిగా జరిగింది ఏదైనా ఉంటే అది ఆయన చేసిందే. మిగిలినదంతా మా పని.

అమెరికాలో మేముంటున్న ఈ రాష్ట్రపు రోడ్ల శాఖలో నేను ఇంజనీరును. నా భార్య రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. మంచం మీంచి జారిపోతున్న పేషెంటును పట్టుకోబోయి ఆమె నడుము దెబ్బతింది. ఆపరేషన్ అయ్యాక కూడా కాసేపు నిలబడితే కాలు మొద్దుబారిపోతుంది. ఆరోగ్య కారణాల మీద తనను ముందుగా రిటైర్ చేయమని రాష్ట్ర ఉద్యోగులందరి పింఛన్లు చూసే రిటైర్మెంట్ బోర్డుకు అర్జీ పెట్టుకుంది. బోర్డులో ఐదుగురు ఉండాలి. ఒక కుర్చీ ఖాళీ. ఉన్న నలుగురిలో ఇద్దరు సరే అన్నారు, ఇద్దరు వద్దన్నారు. ఐదో మనిషి వచ్చేదాకా అర్జీ ఎటూ తేలదని, అందాకా ఆమె డ్యూటీకి రావాల్సిందేనని బోర్డువాళ్ళు చెప్పారు.

ఆ ఐదో కుర్చీని మా రోడ్ల శాఖ ఉద్యోగులే ఓట్లేసి నింపాలి. ఆమెకు కావాల్సిన మూడో ఓటు నేనే వేద్దామని నిలబడ్డాను. మా తెలుగు క్రైస్తవ సంఘంలో నేనొక పెద్దను. మా కమిటీలో ఒక సంఘపెద్ద ఇంటివిషయం చర్చకు వస్తే ముందు ఆ పెద్దే మాట్లాడతాడు, మిగతావాళ్ళు ఆమేన్ అంటారు. ఆయన లేచి బయటికి వెళ్ళడం నేనెన్నడూ చూడలేదు. బోర్డు కూడా అలాగే నడుస్తుందనుకున్నాను.

అమెరికన్ల చర్చి భవనాన్ని వాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం మేము వాడుకుంటాం. అక్కడ నేను లేచి విషయం చెప్పగానే పాస్టరు అయ్యగారు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన ప్రకటించారు. సహోదరీలు ఒక అడుగు ముందుకేసి, విశ్వాసంతో, గెలుపు కృతజ్ఞతా కూటానికి బిరియానీ బుక్ చేసేశారు. కేకు మీద ఏం రాయించాలో కూడా తేల్చేశారు.

బ్యాలెట్లు ఓటర్లకు పోస్టులో వెళ్ళిపోయిన తర్వాత బోర్డు ఆఫీసులో అభ్యర్థులిద్దరికీ నియమాలు వివరించారు. నా ప్రత్యర్థి బ్రిడ్జీలు తనిఖీ చేసే ఒక పెద్దావిడ. బోర్డు లాయరు తాపీగా చెప్పాడు: "మీ ఇంట్లోవాళ్ళ అర్జీ వస్తే మీరు గదిలోంచి బయటికి వెళ్ళాలి. ఆ విషయంలో మీకు ఓటు ఉండదు."

ఇంటికి ఎలా డ్రైవ్ చేశానో నాకే తెలియదు. నా భార్య సోఫాలో హీటింగ్ ప్యాడ్ ఆనించుకుని కూర్చుని ఉంది. అంతా చెప్పాను.

"అంటే మీరు గెలిస్తే మళ్ళీ ఇటు ఇద్దరు, అటు ఇద్దరేనా?"

"అంతే."

"ఎన్నాళ్ళు?"

"నా పదవి ఉన్నన్నాళ్ళూ."

"అయితే విత్‌డ్రా చేసుకోండి."

"ఇప్పుడు తప్పుకుంటే ఎన్నిక మళ్ళీ మొదటినుంచీ పెడతారట. ఇంకో ఏడాది."

ఆమె ఆలోచించింది. "సరే, ఓడిపోండి. మిమ్మల్ని నేను పెద్దగా ఏమీ అడగలేదు కదండీ ఎప్పుడూ. ఇదొక్కటి చేయండి."

నా ఓటు పెద్దావిడకు వేశాను. కానీ బిరియానీ బుక్ చేసినవాళ్ళకు ఈ సంగతి ఎలా చెప్పడం? శుక్రవారం అయ్యగారు, "ప్రభువా, మా సహోదరుణ్ణి హెచ్చించు, ఎదిరించేవారిని తొలగించు!" అని హాలు అదిరేలా ప్రార్థిస్తుంటే, నా పక్కన నా భార్య కళ్ళు మూసుకుని గొణుగుతోంది: "వాళ్ళ మాట వినకు తండ్రీ. వాళ్ళకి విషయం తెలీదు."

ఎవరి ప్రార్థన ఎటు వెళ్ళిందో, ఇద్దరికీ ఓట్లు సమానంగా వచ్చాయి.

అలా వస్తే రాష్ట్ర ఎన్నికల బోర్డు మనిషి వచ్చి చీటీ తీయాలట. బైబిల్లో అపొస్తలులు కూడా తమలో ఖాళీ అయిన స్థానాన్ని అలాగే చీట్లు వేసి నింపారు కాబట్టి అయ్యగారికి ఈ పద్ధతి బాగా నచ్చింది. సంఘం సగం తరలివచ్చింది. వచ్చిన అధికారి వయసుమళ్ళినవాడు. ఒక పాప్‌కార్న్ గిన్నె, మధ్యకి విప్పి లోపల చీటీ పెట్టి మూసే రెండు ప్లాస్టిక్ ఈస్టర్ గుడ్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి గులాబీ రంగు, ఇంకొకటి పసుపు. రంగులు వేరైతే చీటీ చెల్లదని లాయరు అడ్డుపడ్డాడు. చాలాసేపు వాదించుకుని, రెండింటినీ విప్పి, పైచిప్పలు మార్చారు. రెండు గుడ్లూ సగం గులాబీ, సగం పసుపు అయ్యాయి. ఇద్దరూ తృప్తిపడ్డారు.

ఈలోగా అయ్యగారు ప్రార్థనకు స్వరమెత్తారు. ఎన్నిక జరిగే గదిలో ప్రచారం నిషేధమన్నాడు అధికారి. ప్రార్థన ప్రచారం కిందికి వస్తుందా అని మావాళ్ళు లాయరును అడిగారు. ఆయన ఎవరికో ఫోన్ చేసి వచ్చి, మౌనంగా చేసుకోవచ్చన్నాడు.

"మౌనంగానా?" అన్నారు అయ్యగారు నావైపు తిరిగి. "మౌనంగా ఎట్లా చేస్తారు బ్రదర్?"

పెద్దావిడ నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపింది. "నేను నీకే ఓటు వేశాను. తన ఓటు తనకే వేసుకోవడం మర్యాద కాదని మా అమ్మ చెప్పేది."

"నేను మీకు వేశాను," అన్నాను.

అధికారి చీటీలు మడుస్తూ తల ఎత్తకుండానే అన్నాడు: "ఎవరికి వాళ్ళు వేసుకున్నా ఇక్కడికే వచ్చేవాళ్ళు."

ఆయన గిన్నె ఊపి, మొహం పక్కకి తిప్పుకుని ఒక గుడ్డు తీసి, విప్పి చదివాడు. పెద్దావిడ పేరు.

"స్తోత్రం!" అని అరిచేశాను. నా భార్య ఏడ్చేసింది. సహోదరీలు ఆమె చుట్టూ చేరి, "ఊరుకో అక్కా, దేవుడు ఇంతకన్నా మంచిది దాచి ఉంచాడు" అని ఓదార్చారు. ఓటమిలో కూడా స్తుతించానని అయ్యగారు నన్ను గట్టిగా కౌగిలించుకున్నారు. ఆ కౌగిలిలో నాకు ఊపిరాడలేదు.

ఆర్డరు క్యాన్సిల్ కాలేదు కాబట్టి బిరియానీ వచ్చింది. వడ్డించేటప్పుడు నా భార్య ఇక ఆపుకోలేక అంతా చెప్పేసింది. అప్పుడు మా సంఘంలో అందరికన్నా ఎక్కువ ఉపవాసాలుండే ఒక ఆంటీ గరిటె కిందపెట్టింది.

"ముందే చెప్పొచ్చు కదమ్మా! ఓడిపోవాలనే ఉపవాసం ఉండేవాళ్ళం. వారాల తరబడి మీ ఆయన గెలవాలని కడుపు మాడ్చుకున్నాం!"

నవ్వీ నవ్వీ నా భార్యకు నడుము పట్టేసింది. కుర్చీ తెచ్చి కూర్చోబెట్టారు.

వచ్చే వారం బోర్డు ఐదుగురితో సమావేశమవుతుంది. ఆ పెద్దావిడ మనసులో ఏముందో నాకు తెలియదు, అడగడం న్యాయం కాదు. కాదంటే నా భార్య మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి మనుషులను ఎత్తాలి. ఇది చదువుతున్న మీరు ఒక్క క్షణం ఆగి, ఆమె నడుము కోసం, ఆ ఐదుగురి హృదయాల కోసం నాతో కలిసి ప్రార్థించండి. ఎవరు ఎటు ఓటు వేయాలో మాత్రం దేవునికి చెప్పకండి. మేము చెప్పి చూశాం. ఆమేన్.